నూనె కొండ మీద నీళ్ళ తొట్టి

మేంగ్ జమ్సున్ చేతికి వీపు అప్పగించేవాళ్ళు రెండే రకాలు. మొదటిసారి వచ్చినవాళ్ళు "నెమ్మదమ్మా, తోలు ఊడొస్తోంది" అని మూలుగుతారు. ముందే వచ్చి వెళ్ళినవాళ్ళు నోరు మూసుకుని బోర్లా పడుకుంటారు. ఒకసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళు ఉన్నారా అని అడిగితే ఆవిడకి కోపం వస్తుంది, కాబట్టి ఎవరూ అడగరు.

పట్నంలో, జనం డబ్బిచ్చి వేడినీళ్ళ స్నానం చేసే చందమామ స్నానశాలలో, ఆడవాళ్ళ వైపు ఒళ్ళు రుద్దే బల్ల ముప్పై ఏళ్ళు ఆవిడదే. తానుండే సోట్‌గోల్ ఊరి నుంచి తొలి బస్సుకి వెళ్ళడం, నల్ల లోదుస్తులు వేసుకోవడం (ఒళ్ళు రుద్దేవాళ్ళ యూనిఫాం అదే), బల్ల మీద బకెట్టుడు వేణ్ణీళ్ళు కుమ్మరించి "ఎవరమ్మా ముందు?" అని కేకెయ్యడం. వేడినీళ్ళలో బాగా నానకుండా బల్లెక్కే వాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "నానని పెసలు రుబ్బమంటావా? పో, ఇంకాసేపు కూర్చుని రా" అని తరిమేసేది. బ్యాంకు మేనేజరు భార్యైనా అంతే, చేపలమ్మే మనిషైనా అంతే. బట్టలు విప్పాక అందరూ ఒకటేనని ఆవిడ లెక్క.

ఈ పనిలోకి ఆవిడ రావడం కూడా చిత్రంగానే జరిగింది. మొగుడు కూ ఇన్‌బే బియ్యం మిల్లులో లారీ డ్రైవరు. మంచివాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు, నలభై నిండకుండానే ఉలుకూ పలుకూ లేకుండా కన్నుమూశాడు. జమ్సున్ పట్నంలో ఒక నూడుల్స్ హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. స్నానశాల యజమానురాలు ఓ మధ్యాహ్నం అక్కడికి తినడానికి వచ్చి, పెద్ద కాగు తోముతున్న జమ్సున్ చేతుల్ని నూడుల్స్ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చుంది.

"ఏమ్మా, మనుషుల్ని కూడా ఇట్లాగే తోమగలవా?" అని అడిగింది.

"మనుషులకి ఇంత మసి ఉండదుగా," అంది జమ్సున్. మర్నాటి నుంచి బల్ల దగ్గరుంది.

వీపు చూస్తే ఎవరు మూటలు మోస్తున్నారో, ఎవరికి నిద్ర లేదో, ఎవరి మొగుడు చెయ్యి చేసుకుంటున్నాడో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. తెలిసింది ఒక్కటీ బయటికి పొక్కలేదు. సోట్‌గోల్‌లో ఇంకెవరికి ఆ పని అప్పగించినా సగం కాపురాలు వీధిన పడేవి.

అలాంటి స్నానశాల మూతపడింది. బాయిలరుకి పోసే నూనె ధర ఆకాశాన్నంటింది, వచ్చేవాళ్ళు తగ్గారు, వయసులో ఉన్నవాళ్ళు ఇంట్లోనే షవరు కింద నిలబడి అదే స్నానం అనుకుంటున్నారు. యజమానురాలు ఓ చలికాలం చివర్లో బాయిలరు ఆపేసి, తాళం వేసి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. జమ్సున్ ఒళ్ళు రుద్దడానికి చేతికి వేసుకునే తన పచ్చ గరుకు తొడుగులన్నీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది. చేతులకి పని లేక వారం తిరక్కుండానే ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె అడుగూ అద్దమైపోయింది.

ఆవిడ ఒక్కదాని సంగతైతే సరే, ఊరంతా ముసలివాళ్ళే. ఇళ్ళలో ఉన్నది ఇరుకు కుళాయి గది, చలికాలంలో అందులో కాలు పెడితే పళ్ళు టకటకలాడతాయి. ఇంకో స్నానశాలకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. తొంభై దగ్గరపడిన బున్నమ్ అవ్వ నడుము వంగిపోయి, నిలబడినా నేలనే చూస్తుంటుంది. ఆవిడ ఏ బస్సెక్కుతుంది?

"నా వీపు నా ఒంటి మీదే ఉందో లేదో మర్చిపోయానే జమ్సునా," అంది అవ్వ ఓ రోజు. "చెయ్యి అందదు, కంటికి కనపడదు. దురద పుట్టినప్పుడు మాత్రం ఉన్నట్టు తెలుస్తుంది."

జమ్సున్ వెళ్ళి అవ్వని వంటింట్లో కూర్చోబెట్టి, కెటిల్‌తో నీళ్ళు కాచి వీపు తోమింది. మురికి ఒత్తులు ఒత్తులుగా రాలింది. అవ్వ "అబ్బ, బతికానే" అంది. మూడోనాటికి దగ్గు పట్టుకుంది, తర్వాత జ్వరం. చల్లటి ఇంట్లో తడి ఒళ్ళు ఎలా ఊరుకుంటుంది? జమ్సున్ మళ్ళీ ఆ పని చెయ్యలేదు. ఊళ్ళో ఒక వెచ్చటి చోటుంటే చాలు అనుకుంటూ ఉండేది. ఎవరితోనూ అనలేదు. నాకు ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం సోట్‌గోల్ మనుషుల ఇంటావంటా లేదు.

ఊరి వెనకాల నూనె కొండ ఉంది. అసలు పేరు ఇంకేదో ఉండేది, సైన్యం వచ్చి కొండ కడుపులో ఇంధనం ట్యాంకులు పాతిపెట్టాక ఆ పేరు పోయింది. చుట్టూ ముళ్ళతీగ కంచె, తుపాకులతో కాపలా, "లోపలికి రావద్దు" అని బోర్డులు. జమ్సున్ ఆ ఊరికి కోడలిగా వచ్చిన రోజు నుంచీ చూస్తూనే ఉంది, లోపల ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. కొండ నిండా నూనె పెట్టుకుని, నూనె ఖరీదు వల్ల స్నానం లేకుండా పోయిన ఊరు సోట్‌గోలే అయ్యుంటుంది.

ఆఖరికి సైన్యానికి ఆ కొండతో పని తీరిపోయింది. ట్యాంకులు ఖాళీ చేసి కడిగారు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు వచ్చి మట్టి తవ్వి తీసుకెళ్ళి శుభ్రం చేసి తెచ్చి పోశారు. ఆ తతంగమంతా అయ్యాక కొండని జిల్లా కార్యాలయానికి అప్పగించారు. ఏం చేసుకోవాలో జిల్లావాళ్ళకీ తెలియదు, అందుకని ముందు ఊరివాళ్ళకి చూపిద్దామనుకున్నారు.

ఊరి పెద్ద తాక్ మన్‌సిక్‌కి ఇంతకంటే ఏం కావాలి? మైకు పట్టుకోవడం కోసమే ఆ పదవిలో ఉన్న మనిషి. తెల్లారగట్లే స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు గరగరలాడాయి.

"ఆ... ఆ... వినబడుతోందా? ఊరి పెద్దని మాట్లాడుతున్నా. ఇవాళ నూనె కొండ గేటు తీస్తున్నారు. చూడాలనుకున్నవాళ్ళు రావచ్చు. చూడక్కర్లేదనుకుంటే రానక్కర్లేదు. అయినా రండి. అన్నం మీరే తెచ్చుకోండి."

అందరూ వెళ్ళారు. ట్యాంకుల్లోకి తొంగి చూశారు, చీకటి తప్ప ఏమీ లేదు. మన్‌సిక్ ఒక ట్యాంకులో నిలబడి పాత పాట అందుకుంటే అది గుండ్రంగా తిరిగి తిరిగి అతని చెవిలోకే వచ్చింది, గొంతు అంత బాగుంటుందని అతనికి ఆరోజే తెలిసింది. పెళ్ళాం ఒక్‌దాన్ వచ్చి చెయ్యి పట్టి బయటికి లాక్కెళ్ళింది.

"ఇంట్లో వింటున్నది చాలదా? కొండక్కూడా వినిపించాలా?"

జమ్సున్ మాత్రం వాళ్ళతో లేదు. పంపుల షెడ్డు పక్కన, ఇనుప కప్పు కింద, ఒక గుండ్రటి కాంక్రీటు తొట్టి దగ్గర ఆగిపోయింది. ట్యాంకులకి నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు నిలవ చేసిన తొట్టి అది. దాంట్లో ఒక్క చుక్క నూనె పడలేదు. గోడ వాసన చూసింది, నీటి పాచి వాసన తప్ప ఇంకేం లేదు. దిగడానికి మెట్లున్నాయి. దిగింది. అడుగున కూర్చుంది. కాళ్ళు బార్లా చాపి, గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుంది.

ముందు చూసింది ఒక్‌దాన్.

"జమ్సున్ అక్కా, ఏమైంది? పక్షవాతమా?"

"కాదు. కూర్చున్నా."

"ఎందుకూ?"

"దిగి చూడు."

ఒక్‌దాన్ దిగి కూర్చుంది. కాసేపటికి ఆవిడ కూడా కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక్కొక్కరే దిగారు. బున్నమ్ అవ్వని ఇద్దరు పట్టుకుని దించారు. పదిమంది ఆడవాళ్ళు ఎండిపోయిన తొట్టిలో గుండ్రంగా, కోట్లతో, తలగుడ్డలతో కూర్చున్నారు. ఒకరిద్దరైతే మెడ దాకా నీళ్ళున్నట్టు భుజాలు కూడా ముంచారు.

జిల్లా కార్యాలయం గుమాస్తా బాన్ సుంగ్‌ప్యో ఈ దృశ్యం చూసి తొట్టి అంచున నిలబడిపోయాడు. కుర్రాడు బుద్ధిమంతుడే గానీ దూరాన ఉల్సాన్ నుంచి వచ్చినవాడు. ఆ వైపు వాళ్ళది ముక్కుసూటి వ్యవహారం.

"అవ్వా, ఏం చేస్తున్నారు ఇక్కడ?"

"ఊరికే కూర్చున్నాం బాబూ."

అతను తెలివైనవాడే. తొట్టి చూశాడు, ముసలివాళ్ళని చూశాడు, పక్కనున్న పంపుల షెడ్డు చూశాడు.

"ఇక్కడ స్నానశాల కడితే బాగుంటుందా? మీకు కావాలా?"

ఆ మాట కోసమే జమ్సున్ ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. నాలుక మాత్రం దాని అలవాటు అది చేసింది.

"మాకెందుకులే బాబూ," అంది. "ముసలివాళ్ళం, ఎక్కడో ఇన్ని నీళ్ళు పోసుకుంటాం."

"అవునవును, మాకెందుకు అంత ఖర్చు," అన్నారు మిగతావాళ్ళు. "వేరే ఏదన్నా మంచిది కట్టండి," అంది ఒక్‌దాన్. బున్నమ్ అవ్వ అయితే "నేనెన్నాళ్ళుంటాను గనక" అని కూడా అంది.

ఇది ఆ ఊళ్ళో మాట్లాడే పద్ధతి. మొదటిసారి అడిగితే వద్దనాలి, లేకపోతే ఆశపోతు అంటారు. రెండోసారి అడిగితే "ఎందుకండీ మీకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు "మీరంతగా అంటుంటే" అని ఒప్పుకోవాలి. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. పెళ్ళి సంబంధాల దగ్గర్నుంచి ముల్లంగి కిమ్చీ పచ్చడి గిన్నె దాకా సోట్‌గోల్‌లో అన్నీ మూడోసారికే చేతులు మారతాయి.

బాన్ గుమాస్తా "సరే" అన్నాడు. అని పక్కకి వెళ్ళిపోయాడు.

పదిమందీ అతని వీపు వంకే చూస్తున్నారు, ఇప్పుడు వెనక్కి తిరుగుతాడని. అతను తిరగలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర "తిను బాబూ" అని అన్నం చుట్టలు ఇవ్వబోతే వద్దన్నాడు. రెండోసారి అడిగితే వద్దన్నాడు. మూడోసారి ఒక్‌దాన్ నోటి దగ్గరికే తీసుకెళ్తే "వద్దన్నాను కదండీ, తినొచ్చాను" అని విసుక్కున్నాడు. ఆ విసుగు చూశాక కూడా వాళ్ళకి అనుమానం రాలేదు.

"ఆలోచిస్తున్నాడు. రెండోసారి అడగడానికి వస్తాడు," అంది జమ్సున్.

వస్తాడని ఎండాకాలమంతా ఎదురుచూశారు. ఊరి ముసలివాళ్ళ గదిలో అతని కోసమని తియ్యటి బియ్యప్పానకం సీసాల్లో పోసి ఫ్రిజ్జులో పెట్టేవాళ్ళు, అది పులిసిపోయేలోగా తామే తాగేసేవాళ్ళు. వానాకాలం అయిపోయింది. మిరపకాయలు ఎండబెట్టే రోజులొచ్చాయి. ఒక పొద్దున్నే స్తంభాలు గరగరలాడాయి.

"ఆ... ఆ... నూనె కొండ మీద కట్టేవన్నీ ఖాయమయ్యాయట. ఒక ట్యాంకులో కాఫీ దుకాణం. ఒక దాంట్లో రంగుల లైట్ల ఆట. ఒక దాంట్లో ఫోటోలు. నీళ్ళ తొట్టిని మట్టితో పూడ్చి పూలమొక్కలు వేస్తారట. నెలాఖరున జిల్లా కార్యాలయంలో ఆఖరి సమావేశం. కాఫీ బాగుంటుందేమో మరి. అంతే."

జమ్సున్ చేతిలో మిరపకాయల చేట ఉంది. దాన్ని అట్లాగే అరుగు మీద పెట్టేసి, చెప్పులేసుకుని, బస్సెక్కి జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. బాన్ గుమాస్తా బల్ల ముందు నిలబడింది.

"బాబూ, రెండోసారి అడగలేదేం నువ్వు?"

"ఏమడగలేదు పెద్దమ్మా?"

"స్నానశాల."

"అడిగాను కదా. మీరే వద్దన్నారు. అందరికంటే ముందు మీరే."

"వద్దంటే?"

"వద్దంటే వద్దనే కదా."

ఇంత చదువుకున్న కుర్రాడికి ఇంత చిన్న విషయం ఎవరూ నేర్పలేదే అని జమ్సున్‌కి జాలి వేసింది, తన నోరే తన కొంప ముంచిందని ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి కోపంగా బయటికొచ్చాయి.

"ఎవరైనా మొదటిసారి వద్దనే అంటారు. నాలుగు తన్నినా మొదటిసారి అవునని చెప్పరు. మీ అమ్మ నీకు చెప్పలేదా?"

"మా అమ్మ మొదటిసారి వద్దంటే గిన్నె ఎత్తేస్తుంది," అన్నాడు బాన్. అతనికీ మొహం చిన్నబోయింది. "ఆ రోజు తొట్టిలో కూర్చున్నప్పుడు మీ మొహాలు చూసి నాకూ అనిపించింది. కానీ మీరందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఏం చెయ్యను?"

"ఇప్పుడు అడుగు."

"ఇప్పుడు నేనడిగితే లాభం లేదు. సమావేశంలో ఊరివాళ్ళని అడుగుతారు. ఒక్కసారే అడుగుతారు పెద్దమ్మా. అప్పుడు కావాలని చెప్పాలి. కావాలి, అంతే. చుట్టూ తిప్పకూడదు."

ఆ సాయంత్రం నుంచీ ముసలివాళ్ళ గదిలో పాఠాలు మొదలయ్యాయి. జమ్సున్ మధ్యలో నిలబడి అధికారిలాగా అడగడం, మిగతావాళ్ళు జవాబు చెప్పడం.

"మీకు స్నానశాల కావాలా?"

"కావాలని కాదు గానీ..." అంది బున్నమ్ అవ్వ.

"కావాలి అనండి అవ్వా."

"ఇస్తే కాదనం."

"కావాలి!"

"ఎందుకే అంత గట్టిగా? వాళ్ళకేం చెవుడా?"

ఒక్‌దాన్ వంతు వచ్చింది. ఆవిడ గొంతు సవరించుకుని, మొహం ఎర్రగా చేసుకుని "కా..." అని, నవ్వేసింది. నవ్వు ఆపుకుని సూటిగా జమ్సున్ మొహంలోకి చూసింది.

"నువ్వే అనవచ్చుగా అక్కా. నీకు సిగ్గెందుకు? స్నానశాల వస్తే ముందు బాగుపడేది ఎవరో మాకు తెలీదా? నీ బల్ల నీకొస్తుంది, మాకొచ్చేది ఒళ్ళు మంట."

అందరూ నవ్వారు. జమ్సున్ నవ్వలేదు. ఎందుకంటే అది నిజమే. తొట్టిలో కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు ఆవిడకి ముందు కనిపించింది నీళ్ళు కాదు, పంపుల షెడ్డు గోడ వారగా తన బల్ల. రెగ్జిన్ కొత్తది వేయించుకోవాలని కూడా అనుకుంది. ఆవిడకి తెలిసింది ఆ ఒక్క పనే. ఆ బల్ల లేకపోతే తానెవరో ఆవిడకే తెలియదు.

సమావేశం రోజు ఊరి ఆడవాళ్ళంతా మంచి కోట్లు వేసుకుని బస్సెక్కారు. జిల్లా కార్యాలయం హాల్లో వేదిక మీద సిమ్ మేడమ్ కూర్చుంది, ఈ కొండ వ్యవహారమంతా ఆవిడ విభాగానిది. నెమ్మదైన మనిషి, ఆ జిల్లాలోనే పుట్టి పెరిగింది. పక్కన బాన్ గుమాస్తా రాసుకుంటున్నాడు. తెర మీద ట్యాంకుల బొమ్మలు, లైట్లు, చేతిలో కాఫీ కప్పులతో ఎవరో పొడుగుకాళ్ళ పిల్లలు. నీళ్ళ తొట్టి ఉన్న చోట పూలు.

"ఊరివాళ్ళు ఏమంటారు?" అని అడిగింది సిమ్ మేడమ్.

మన్‌సిక్ లేచాడు. మైకు దొరికింది కదా.

"ఏముందండీ, మీరు పెద్దవాళ్ళు. చదువుకున్నవాళ్ళు. మీరు ఏం కట్టినా మా ఊరి మంచికే. అయితే ముసలివాళ్ళున్నారు, చలి ఉంది, అది ఎప్పుడూ ఉండేదే. పూలు కూడా మంచివే. పూలంటే ఎవరికి ఇష్టం ఉండదు? కాకపోతే..." అని మొదలుపెట్టి, వాతావరణం మీదుగా, వరి కోతల మీదుగా, తన చిన్నప్పటి వరద మీదుగా తిరిగి తిరిగి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి "అంతేనండీ, మీకు తెలియనిదా" అని కూర్చున్నాడు. ఒక్‌దాన్ నెత్తి కొట్టుకుంది. సిమ్ మేడమ్ కాగితాలు సర్దుతోంది.

జమ్సున్ లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళు లోదుస్తులతో అందరి ముందు తిరిగినప్పుడు రాని సిగ్గు, నిండా బట్టలు కప్పుకుని ఇప్పుడు వచ్చింది.

"నాకు స్నానశాల కావాలి," అంది.

సోట్‌గోల్ ఆడవాళ్ళు తామే ఆ మాట అన్నట్టు తలలు దించుకున్నారు.

"మొదట్లో ఆ అబ్బాయి అడిగితే వద్దన్నది నేనే. అది అబద్ధం. ఆ తొట్టిని పూడ్చకండి. మాకు పూలు ఇళ్ళ దగ్గరున్నాయి. వేడినీళ్ళు లేవు."

సిమ్ మేడమ్ కాగితాలు కింద పెట్టింది. బాన్ వైపు చూసింది, అతను బల్ల కింద బొటనవేలు ఎత్తి ఉంచాడు.

"మీ ఊళ్ళో ఒళ్ళు రుద్దే జమ్సున్ అనే ఆవిడ ఉందని విన్నాను. మీరేనా?"

"నేనే."

"చిన్న స్నానశాల అయితే కట్టవచ్చు. కాఫీ దుకాణం ఎలాగూ అటు వైపుంది, ఇది ఇటు వైపు. వారంలో కొన్ని రోజులు ఆడవాళ్ళకి, కొన్ని మగవాళ్ళకి. కానీ ఒక మాట ముందే చెప్పాలి. జిల్లా డబ్బుతో కట్టే స్నానశాలలో బల్ల ఉండదు. కూలి తీసుకుని రుద్దడానికి వీల్లేదు, అది నియమం. ఊరివాళ్ళే వంతులు వేసుకుని నడుపుకోవాలి. ఎవరి స్నానం వాళ్ళది."

వెనక వరసలో గుసగుసలు లేచాయి. ఒక్‌దాన్ జమ్సున్ వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"బల్ల లేకుండా సరేనా?" అంది సిమ్ మేడమ్. "బల్ల వద్దా మీకు?"

"వద్దు," అంది జమ్సున్.

బాన్ గుమాస్తా "వద్దట" అంటూ రాయబోయాడు.

"ఆగవయ్యా," అంది సిమ్ మేడమ్. "నువ్వు ఈ ప్రాంతం వాడివి కావు." మళ్ళీ జమ్సున్ వైపు తిరిగింది. "జమ్సున్ గారూ, రెండోసారి అడుగుతున్నా. ఇంత పని తెలిసిన మనిషి చేతులు కట్టుకు కూర్చోవాలి. బల్ల కోసం పట్టుబడితే నియమం మార్చమని పైకి రాస్తాను. అది తేలేదాకా తొట్టి పని ఆగుతుంది, ఏడాది పడుతుందో రెండేళ్ళు పడుతుందో చెప్పలేను. వద్దా?"

పక్క కుర్చీలో బున్నమ్ అవ్వ మోకాళ్ళ మీదికి వంగి కూర్చుంది, ఎవరేం మాట్లాడుతున్నారో ఆవిడకి సగమే వినబడుతోంది. రెండేళ్ళంటే ఇంకో రెండు చలికాలాలు.

"వద్దండీ."

"మూడోసారి," అంది సిమ్ మేడమ్ చాలా నెమ్మదిగా.

"వద్దు. తొట్టి కట్టించండి." కడుపులో నుంచి ఏదో తీసి ఇచ్చేసినట్టనిపించింది ఆవిడకి. బాధగానే ఉంది. లేదని ఎవరికి చెప్పినా అబద్ధమే అవుతుంది.

"ఇప్పుడు రాసుకో," అంది సిమ్ మేడమ్ బాన్‌తో.

తిరుగు బస్సులో ఒక్‌దాన్ వచ్చి జమ్సున్ పక్కన కూర్చుంది. "ఆ రోజు నేనన్న మాట..." అంది.

"నువ్వన్నది నిజమేలే," అంది జమ్సున్. ఒక్‌దాన్ సంచిలోంచి ఒక కమలాపండు తీసి ఒలిచి, సగం చేతిలో పెట్టింది. జమ్సున్ మొదటిసారి ఇచ్చినప్పుడే తీసుకుంది.

చలి ముదరకముందే కొండ మీద పని అయిపోయింది. కాఫీ దుకాణం కూడా తెరిచారు, సియోల్ నుంచి కార్లలో వచ్చి తుప్పు పట్టిన ట్యాంకు ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళకి కొదవ లేదు. ఒక ట్యాంకులో ఊరివాళ్ళు పాడుకోవచ్చన్నారు, మన్‌సిక్ ఇంటికి రావడం తగ్గించేశాడు, ఒక్‌దాన్‌కి సుఖంగా ఉంది. తొట్టి చుట్టూ గోడలు లేచాయి. మధ్యలో నీళ్ళు, చుట్టూతా వెడల్పాటి గట్టు, గట్టు మీద పొట్టి ప్లాస్టిక్ పీటలు, గోడకి కుళాయిలు. పంపుల షెడ్డులో కొత్త బాయిలరు గుర్రుమంటోంది.

ఆడవాళ్ళ మొదటి రోజు జమ్సున్ ఆలస్యంగా వచ్చింది. కావాలనే ఆలస్యం చేసింది. బట్టలు విప్పే గదిలో నల్ల లోదుస్తుల మీదికి చెయ్యి పోయి, ఆగిపోయింది. అవి అవసరం లేదు. అందరిలాగే అన్నీ విప్పేసి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది, వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక ఆవిరిలో నిలబడిపోయింది. స్నానశాలలో ఊరికే స్నానం చెయ్యడానికి వచ్చినవాళ్ళు ఏం చేస్తారో ఆవిడకి గుర్తులేదు.

నీళ్ళలో దిగి కూర్చుంది. మెడ దాకా వేడి. పక్కన బున్నమ్ అవ్వ, నీళ్ళలో తేలిక పడి, ఎన్నో ఏళ్ళ తర్వాత నడుము కాస్త ఎత్తి పైకప్పు చూస్తోంది.

కాసేపటికి అందరూ గట్టు మీదికి చేరారు. బల్ల లేని చోట ఆడవాళ్ళు చేసేదే వీళ్ళూ చేశారు, పీటలు వరసగా వేసుకుని ఒకరి వెనక ఒకరు కూర్చుని ముందున్న వాళ్ళ వీపు తోమడం. పెద్దది కాబట్టి బున్నమ్ అవ్వని అందరికంటే ముందు కూర్చోబెట్టారు. అవ్వ వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. వరస గట్టు వెంబడి గుండ్రంగా సాగింది. చివర్లో ఒక్‌దాన్, ఆవిడ వెనక అందరికంటే ఆఖరున జమ్సున్.

జమ్సున్ తొడుగు వేసుకుని ఒక్‌దాన్ వీపు మీద చెయ్యి పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. మెడ దగ్గర్నుంచి నడుము దాకా ఒక్క లాగుడు లాగింది.

"నెమ్మది అక్కా, చంపుతావా?"

"నోరుమూసుకుని వంగు."

అప్పుడు ఆవిడ వీపు మీద ఏదో తగిలింది. వెనక్కి తిరిగి చూసింది. తొట్టి గుండ్రటిది కదా, చుట్టూ తిరిగొచ్చిన వరసలో మొదటి పీట వచ్చి ఆఖరి పీట వెనకాలే ఆగింది. బున్నమ్ అవ్వ చేతికి తొడుగు తగిలించుకుని, తన ఎదురుగా కనిపించిన వీపుని తోమడం మొదలుపెట్టింది. ఆ చేతిలో బలమే లేదు. కింది నుంచి పైకి, తప్పుగా రుద్దుతోంది.

"అవ్వా, మీకెందుకు, వదిలెయ్యండి."

అవ్వకి వినబడలేదో, విననట్టు ఊరుకుందో. రెండో చేత్తో తడుముతూ భుజం కింద ఒక చోట ఆగింది.

"ఇదంతా గడ్డ కట్టిపోయిందేమిటే పిల్లా," అంది. "రాయిలా ఉంది. ఇన్నేళ్ళు అందరినీ తోమావు, నిన్నెవరూ ముట్టుకోలేదుటే?"

ముట్టుకోలేదు. ముప్పై ఏళ్ళలో ఆవిడ వీపు తోముతానని ఎవరూ అడగలేదు, తనకొక వీపుందని ఆవిడకే తోచలేదు. జమ్సున్‌కి ఏడుపు వచ్చింది. వచ్చినదాన్ని ఆపుకోవాలనిపించలేదు. పెద్దగా ఏడ్చింది, చిన్నపిల్లలా వెక్కుతూ, ఆ గుండ్రటి గోడల్లో అందరికీ వినబడేలా. వరసంతా ఒక్క క్షణం ఆగింది.

"ఏడిస్తే ఏడువు గానీ అక్కా, చెయ్యి ఆపకు," అంది ఒక్‌దాన్ వెనక్కి తిరగకుండా. "ఒళ్ళు చల్లారిపోతోంది."

జమ్సున్ మోచేత్తో ముక్కు తుడుచుకుని, నీళ్ళు పోసి, ఒక్‌దాన్ వీపు మళ్ళీ తోమసాగింది.